దీపాలక్క తిరిగి అడిగిన కూనిరాగం

పోస్టరు మీద ‘సంగీతం’ అన్న మాట కింద ఒక్క పేరే ఉండేది. అది దీపాలక్కది కాదు. ఆమె చెల్లెలిదీ కాదు. ఊళ్లో సగంమంది పెదవుల మీద తిరుగుతున్న ఆ కూనిరాగం తనకు సముద్రపు ఒడ్డున ఒంటరిగా నడుస్తుంటే తట్టిందని నాటక కంపెనీ డైరెక్టరు పత్రికవాళ్లకు చెప్పాడు. వాళ్లు ఫొటో కూడా వేశారు. గాలికి చెదిరిన జుట్టు, ఎక్కడో దూరాన నిలిచిన చూపు.

ఆ పత్రిక మేకప్ గదికి చేరేసరికి దీపాలక్క కళ్లకింద బూడిదరంగు అద్దుకుంటోంది. చదివింది. మడిచింది. మళ్లీ మడిచింది. అద్దం ఉన్న బల్లకు ఒక కాలు పొట్టిది, ఎప్పుడూ ఊగుతూ ఉంటుంది. వంగి ఆ కాలి కింద పత్రిక దోపి, బల్ల కదలడం లేదని చేత్తో నొక్కి చూసుకుని, మళ్లీ బ్రష్షు అందుకుంది.

"ఏ సముద్రం తల్లీ అది?" అన్నాడు పక్క కుర్చీలో పోలీసు మీసం అతికించుకుంటున్న ముసలి హాస్యనటుడు. కంపెనీలో అందరికీ ఆయన బాబాయే. "అల్లుడుగారికి బకెట్లో నీళ్లు ఊగితేనే కళ్లు తిరుగుతాయి కదా!"

గదిలోవాళ్లు పకపకా నవ్వారు. కంపెనీ పెట్టిన పెద్దాయనకు ఈ డైరెక్టరు అల్లుడు. ఎదురుగా ‘సార్’, వెనక ‘అల్లుడుగారు’. దీపాలక్క కూడా నవ్వింది. నవ్వాలి కాబట్టి నవ్వింది.

"ఒక్క మాట అడగవేమే? నోట్లో నాలుక లేదా?"

"నాలుక ఉంది బాబాయ్. అడిగితే వచ్చేదేంటో తెలీట్లేదు."

ఇలాంటి ఓర్పును మనం మెచ్చుకుంటాం. ఎంత పెద్ద మనసో అంటాం. మనం పెద్ద మనసని పేరు పెట్టినదాంట్లో చాలా భాగం అలసట. అడిగినా దక్కదని ముందే తెలిసిపోయిన మనిషి అలసట. ఆమె కథ చెప్పేది ఆ ఓర్పును పొగడడానికి కాదు.

ఆమెకూ ఒక సొంత పేరుంది. ఎవరూ పిలవరు. నాటకంలో దీపస్తంభం కాపలా ఆడమనిషి వేషం కట్టినప్పటి నుంచి రొట్టెలకొట్టు వాడికీ, బస్సు కండక్టరుకీ, కింద సైకిల్ షాపు మేస్త్రీకీ ఆమె దీపాలక్కే. మొదట్లో ఆ పిలుపు ఆమెకు ముద్దుగానే ఉండేది.

పెద్దాయన బతికున్న రోజుల్లో ఆ కంపెనీకి ఒక పద్ధతి ఉండేది. కొత్త నాటకానికి పాత్రలు పంచాక, పాటలు నేర్చుకోకముందే, ఒక్కొక్కరూ ఖాళీ స్టేజి మీదికి వచ్చి తమ బతుకులోంచి ఒక చిన్న నిజం ఆ పాత్రకు ఇవ్వాలి. తాత దగ్గు. మేనత్త తాళాలగుత్తి వేలికి తిప్పే తీరు. పాత మేనేజరు కుర్చీలో కూర్చునే ముందు ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కునే అలవాటు. "మీరు పుట్టించే మనిషికి ఒక్క ఎముకైనా నిజంది ఉండాలయ్యా. మిగతా ఒళ్లంతా అబద్ధమైనా దాన్ని పట్టుకుని నిలబడుతుంది" అనేవాడు. ఇచ్చిన క్షణం నుంచీ, నాటకం ఆడుతున్నన్నాళ్లూ అది పాత్రదే. ఇంట్లో వాడకూడదు. బయట ఎవరికీ చేసి చూపకూడదు.

పద్ధతిలో రెండో సగం ఇంకా ముఖ్యమైంది. ఆఖరి ఆట అయి జనం వెళ్లిపోయాక, రంగు కడుక్కోకముందే, ఎవరిది వాళ్లు వెనక్కి తీసుకోవాలి. స్టేజి మీద నిలబడి, ఈసారి పాత్రలా కాకుండా ఇంట్లో అసలు మనిషి ఎలా చేసేవాడో అలా ఒకసారి చేసి, "ఇది మా తాత దగ్గు, తీసుకెళ్తున్నా" అనాలి. మిగతా అందరూ "తీసుకెళ్లు" అనాలి. అంతే. ఒకసారి బాబాయ్ ఒక లంచగొండి జడ్జి వేషానికి తన ఇంటి ఓనరు తేన్పు ఇచ్చాడు. వెనక్కి తీసుకోవాల్సిన రోజు చేతులు జోడించి, "ఇది మా ఓనరు తేన్పు. వద్దు పెద్దాయనా, ఇక్కడే వదిలేసి పోతా, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలాడు. "కుదరదు, మోసుకుపోవాల్సిందే" అని అందరూ గోల పెట్టారు. తేన్పు తీసుకుని ఇంటికెళ్తే గుమ్మంలోనే ఓనరు ఎదురయ్యాడట, అద్దె అడగడం మానేసి "ఏంటయ్యా, తిండి అరగలేదా?" అన్నాడట.

నవ్వులాటలా కనిపించే ఈ పద్ధతిలో గొప్ప జాగ్రత్త ఉంది. వేషం కట్టేవాళ్లు తమ ఒంట్లోకి ఇంకొకరిని రానిస్తారు. వచ్చినవాళ్లకు బయటికి దారి చూపించాలి. పెద్దాయన ఆ దారి చూపించేవాడు.

దీపస్తంభం నాటకం కథ చిన్నది. మొగుడు పడవతో సహా మాయమైపోతే, దీపం కాపలా పెళ్లాం మీద పడుతుంది. ఆమె దీపం ఆరనివ్వదు. ఎదురుచూస్తూ పాడుకుంటూ ఉంటుంది. ఒక పడవ రాళ్లకు కొట్టుకుని బద్దలైతే, ఆమె పాటే దారి తప్పించిందని ఊరు ఆమెను తరిమేస్తుంది. ఆఖరి రంగంలో స్టేజి మీద ఎవరూ ఉండరు. దీపం ఒక్కటే గుండ్రంగా తిరుగుతుంది. ఎక్కడి నుంచో ఆమె కూనిరాగం వినిపిస్తుంది. తెర పడుతుంది.

రిహార్సల్స్ మొదట్లో దీపాలక్క బాగా ఏడ్చింది. ఏడుస్తూ కూడా శ్రుతి తప్పకుండా పాడింది. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు.

"అమ్మా, నువ్వు మాకోసం పాడుతున్నావు. అక్కడ దీపం కాసే ఆవిడకి మేం లేం" అన్నాడు.

ఆ మాట నమిలి మింగలేక, ఉమ్మలేక ఇంటికి వెళ్లింది. సైకిల్ షాపు మీద రెండు గదులు. చెల్లెలూ తనూ ఉండేవాళ్లు. చెల్లెలు లాండ్రీలో ఇస్త్రీ పనికి వెళ్లేది. దుకాణం వెనక కిటికీ లేని గదిలో పని. మరకలు పోగొట్టే మందు ఘాటు ఆ గోడలకు పట్టేసి ఉండేది. ఇంటికి వచ్చాక మళ్లీ ఇరుగుపొరుగు చొక్కాలు. ఆరోజు దీపాలక్క తలుపు తీసేసరికి చెల్లెలు ఒంటి బరువంతా ఎడమ కాలి మీద వేసి, నడుము కాస్త వంచి, ఇస్త్రీపెట్టె ముందుకు తోస్తూ కూనిరాగం తీస్తోంది. మాటల్లేవు. ఎవరూ నేర్పింది కాదు. ఒకచోట, రాగం పైకి ఎక్కబోయే చోట, ఊపిరి చాలక తెగింది. చిన్న గుటక. మళ్లీ ఎత్తుకున్నప్పుడు కాస్త కింది స్వరంలో వచ్చింది, మెట్టు తప్పినవాళ్లు గోడ పట్టుకున్నట్టు.

దీపాలక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. వినిపించడానికి పాడే పాట వేరు, వినబడిపోయే పాట వేరు. ఎదురుచూసే మనిషి ఏడవదు. చేతులకు ఏదో పని కల్పించుకుంటుంది. గొంతు దాని పని అది చేసుకుపోతుంది.

"ఏంటక్కా అలా గుడ్లప్పగించి చూస్తున్నావ్?"

"నీ రాగం నాకిస్తావా?"

"ఏ రాగం?"

"ఇప్పుడు తీశావే, అది."

"తీశానా? నేనా?" చెల్లెలు ఇస్త్రీపెట్టె నిలబెట్టి విరగబడి నవ్వింది. "తీసుకో. చిరగకుండా, మరక పడకుండా తిరిగివ్వాలి మరి. మా లాండ్రీ రూలు."

మర్నాడు స్టేజి మీద దీపాలక్క ఎడమ కాలి మీద బరువు వేసి, లేని చొక్కాను అరచేత్తో చదును చేస్తూ, చెల్లెలి రాగం తీసింది. పెద్దాయన ఈసారి కళ్లు మూసుకోలేదు. వయొలిన్ వాయించేవాడు గుటక వచ్చేచోట కమాను గాల్లోకి ఎత్తేయడం నేర్చుకున్నాడు. మొదటి ఆట చూడడానికి చెల్లెలు ముందు వరసలో కూర్చుంది. అయ్యాక మేకప్ గదిలోకి వచ్చి, "నేను మరీ అంత ఆయాసం పేషంటులా పాడతానా అక్కా? అయినా నువ్వలా నిలబడితే నా ఎడమ కాలు సలపరించింది" అంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు.

ఆ ఏడాదే పెద్దాయన పోయాడు. నాటకం మాత్రం ఆగలేదు. హౌస్‌ఫుల్ బోర్డు తగిలిస్తున్నంత కాలం ఆఖరి ఆట ఎక్కడి నుంచి వస్తుంది? ఇవ్వడం అనే సగాన్ని అల్లుడుగారు జాగ్రత్తగా ఉంచుకున్నాడు. పత్రికల్లో ‘మా ప్రత్యేకమైన పద్ధతి’ అని చెప్పుకున్నాడు కూడా. తీసుకోవడం అనే సగం మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రాగం మాత్రం గోడలు దాటింది. రేడియోలో వచ్చింది. ఫోన్లలో మోగింది. క్యూలో నిలబడ్డవాళ్లు, పిల్లల్ని నిద్రపుచ్చేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు తీశారు. అందరూ గుటకతో సహా తీశారు.

చెల్లెలికి దగ్గు తగులుకుని వదల్లేదు. లాండ్రీ యజమాని "ఇంట్లో చలిగాలి తగిలుంటుంది" అన్నాడు. కిటికీ లేని తన గదిలో ఏ గాలి తగిలిందో ఎవరూ అడగలేదు. డాక్టర్లు ఊపిరితిత్తుల ఫొటో వెలుతురుకు పట్టుకుని చూసి, మాటలు తగ్గించారు.

ఒక మధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ పలకలా నేలమీద పడి ఉంది. కింద మేస్త్రీ టైరుకు గాలి కొడుతున్నాడు. ఆ పంపు చప్పుడు వింటూ చెల్లెలు, "దానికి ఎంత గాలో చూడు" అని నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక అడిగింది.

"అక్కా, నాది నాకోసారి పాడవా? నాకు ఊపిరి అందట్లేదు."

నాటకం నడుస్తుండగా ఇంట్లో పాడకూడదన్నది నియమం. నియమం గంగలో కలవనీ అనుకుని దీపాలక్క మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టింది. మొదలుపెట్టగానే కుడిభుజం తనంతట తానే జారింది. చూపు చెల్లెలి మొహం దాటి ఎక్కడికో వెళ్లిపోయింది. గుటక రావాల్సిన చోట అచ్చంగా వచ్చింది, స్టేజి మీద గీత గీసిన చోట పాదం పడ్డట్టు. చెల్లెలు గోడవైపు జరిగింది. ఆ కళ్లలో కనిపించింది బాధ కాదు, భయం.

"వద్దు. నువ్వు పాడక్కా. ఆవిడ వద్దు."

"నేనేనే పాడేది, పిచ్చిదానా."

మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఆవిడే వచ్చింది. భుజం నిటారుగా పెట్టుకుని చూసింది, కళ్లు మూసుకుని చూసింది, ఊపిరి వేరేచోట తీసుకుని చూసింది. ఎటు తిప్పినా ఆ రాగం దీపస్తంభం మెట్లే ఎక్కుతోంది.

"పోనీలే అక్కా" అంది చెల్లెలు, నిద్ర వస్తున్నట్టు. ఆ వారంలోనే పోయింది.

మట్టి చేసి వచ్చిన మర్నాడే ఆట. టికెట్లు అమ్ముడైపోయాయన్నాడు అల్లుడుగారు. ఆమె వెళ్లింది, పాడింది. జనం వెక్కివెక్కి ఏడ్చారు. లోపలికి రాగానే ఆయన రెండు చేతులూ పట్టుకుని, "ఈరోజు దొరికిందే, దాన్నే పట్టుకో. రేపు కూడా అదే కావాలి" అన్నాడు. ఆ మాట అన్న మనిషి క్రూరుడు కాడు. ఆటకు పనికొచ్చేదేదో తెలిసిన మనిషి, అంతే. మన రంగస్థలం మీద ఆ రెండింటికీ తేడా చెప్పేవాళ్లు ఎవరూ లేకపోవడమే అసలు దారుణం.

ఆ తర్వాత నుంచి ఆమె ఇంట్లో ఒంటరిగా లేదు. గిన్నెలు కడుగుతుంటే ఒంటి బరువు ఎడమ కాలి మీదికి జరిగేది. అది చెల్లెలి నిలకడా, ఆవిడ నిలకడా అన్నది తేల్చుకోలేక రెండు కాళ్ల మీదా బిగుసుకుని నిలబడేది. రాత్రి లైటు ఆర్పబోయి స్విచ్చి మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయేది. ఆర్పితే ఎవరో దారి తప్పుతారన్న దిగులు. తనకు పడవలెక్కడున్నాయి? చెల్లెలి మొహం గుర్తు తెచ్చుకునేది, వచ్చేది. చేతులు వచ్చేవి, కాలిన మచ్చతో సహా. గొంతు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు కదిలేది చెల్లెలిది, వినిపించేది ఆవిడది. ఒకరోజు బస్సులో ఎవరిదో ఫోన్ మోగింది. పోయిన చెల్లెలి ఊపిరి, ముక్కూ మొహం తెలియని మనిషి జేబులోంచి, గుటకతో సహా. దీపాలక్క తన స్టాపు రాకముందే దిగిపోయింది.

స్టేజి పక్క నల్లతెర వెనక నిలబడి ఆఖరి రంగానికి పాడేటప్పుడైతే పక్కన ఎవరో ఉన్నట్టే ఉండేది. "మా చెల్లాయే అయితే బాగుండు బాబాయ్. కాదు. ఆవిడే. నా నోరెప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నట్టుంటుంది" అని ఒకసారి చెప్పింది. బాబాయ్ జోకు వెయ్యలేదు.

ఇంతలో అల్లుడుగారు కొత్తమ్మాయిని తెచ్చాడు. దీపాలక్క మొహం మీద వయసు రంగును మించిపోతోందట. కొత్తమ్మాయికి రాగం నేర్పి, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటతో ఆమె తప్పుకోవాలి. ఆమె కాదనలేదు. ఒక్క కోరిక కోరింది. కంపెనీలో ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదేనేమో.

"ఇచ్చే ముందు నేనొకసారి వెనక్కి తీసుకుంటానండీ. పొద్దున పూట, ఎవరూ లేనప్పుడే. మీరు నలుగురూ నిలబడి తీసుకెళ్లు అంటే చాలు."

"నాటకం ఆగితే కదమ్మా తీసుకోవడం? నాటకం ఆగట్లేదు. నువ్వాగుతున్నావు."

"నేనాగితే నాది నాకు రావాలి కదండీ."

"నీదేంటి, నాదేంటి? కంపెనీ అన్నాక అందరిదీ."

"అందరిదీ అయితే పోస్టరు మీద మీ ఒక్కరి పేరే ఎందుకుందండీ?"

అల్లుడుగారు టీ కప్పు కింద పెట్టాడు. మెత్తగా, జాలిగా చూశాడు. "నీకీమధ్య ఒంట్లో బాగుండట్లేదనుకుంటా. కాస్త విశ్రాంతి తీసుకో."

హక్కు అడిగిన ఆడమనిషికి అన్నిచోట్లా మొదట దొరికే జవాబు ఇదే. నీ ఆరోగ్యం చూసుకో.

కొత్తమ్మాయి చురుకైన పిల్ల. రిహార్సల్ హాల్లో పొద్దున్నే దీపాలక్క ఎదుట నిలబడి, ఒకటి రెండు సార్లు వింటే చాలు, పట్టేసింది.

"అచ్చం మీలాగే వచ్చిందా అక్కా?"

"వచ్చింది" అంది దీపాలక్క. ఆ లేత గొంతులోంచి వచ్చింది చెల్లెలు కాదు, తానూ కాదు. ఆవిడ. పాత ఇల్లు ఖాళీ చేసి కొత్తింట్లో సామాను దించుకుంటున్నట్టు హాయిగా ఉంది ఆవిడకి.

"ఇక్కడ ఊపిరెందుకు తెగాలి? నాకు కావలసినంత ఉంది కదా."

"తెగాలమ్మా."

"అదే, ఎవరికి తెగేది?"

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. దీపాలక్క చెప్పింది. లాండ్రీ, ఇస్త్రీపెట్టె, ఎండ పడ్డ నేల, గోడవైపు జరిగిన చెల్లెలు, అంతా చెప్పింది.

"మరి మీ చెల్లెలి ఆయాసం నేనెందుకు పాడాలక్కా? నాకు మా నాయనమ్మ లేదూ? మా తాత ఉప్పు తెస్తానని వెళ్లి మూడో నాటికి వచ్చే రకం. ఎదురుచూడ్డంలో డిగ్రీ చేసింది మా ముసల్ది. పళ్ల సందుల్లోంచి ఈల వేస్తుంది చూడండీ, వెన్నులో చలి పుడుతుంది. అది ఇస్తాను."

ఆ పిల్ల నేరుగా వెళ్లి అల్లుడుగారితో ఆ మాటే చెప్పింది. "జనం టికెట్టు కొనేది ఆ రాగానికి. మీ నాయనమ్మ ఈలకి కాదు. కుదరదంటే చెప్పు, క్యూలో చాలామంది ఉన్నారు" అన్నాడాయన. ఆ పిల్ల నోరు మూతపడింది. అలా మూయించడం కంపెనీలకు కొత్త కాదు.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. రంగు పూసుకుంటూ దీపాలక్క బాబాయితో నెమ్మదిగా అంది.

"ఇవాళ ఆఖర్న పాడను."

"పాడకపోతే?"

"వాళ్లు తిరిగివ్వకపోతే, నేను ఇవ్వడమైనా మానొచ్చు కదా. ఈ ఒక్కసారీ నాలోనే ఉంచేసుకుంటా. ఆవిడకి నోరు దొరక్కపోతే ఆవిడే పోతుందేమో. అప్పుడు మా చెల్లాయిది రావొచ్చు."

బాబాయ్ మీసం అతికించుకోవడం ఆపి అద్దంలోంచి ఆమెను చూశాడు. "వస్తుందో రాదో గానీ, అల్లుడుగారికి మాత్రం వొణుకొస్తుంది. కానియ్" అన్నాడు.

ఆరోజు ఆమె వేషం కట్టిన తీరు చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఊరు తరిమే రంగంలో ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. తెర వెనక్కి వచ్చి నిలబడింది. స్టేజి ఖాళీ అయింది. దీపం తిరగడం మొదలైంది. వయొలిన్ సన్నగా దారి పరిచి ఆగింది. రాగం రావాలి.

ఆమె పెదవులు బిగించింది.

దీపం ఒక చుట్టు తిరిగింది. వెలుతురు గోడల మీదుగా, మొహాల మీదుగా పాకి వెళ్లింది. ఇంకో చుట్టు. అవతలి తెర చాటు నుంచి అల్లుడుగారు చేతులు ఊపుతున్నాడు. హాల్లో చడీచప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో ఆమెకు ఎక్కడో లోపల ఏదో కదిలినట్టనిపించింది. ఇస్త్రీపెట్టె బట్ట మీద జారే మెత్తటి చప్పుడు. దాని వెనకాలే ఇంకేదో రాబోతోంది. ఆమె ఊపిరి బిగబట్టింది.

అప్పుడు ముందు వరసలో ఎవరో అందుకున్నారు.

సన్నటి ఆడగొంతు. దానికి వెనక ఒక మగగొంతు తోడైంది. తర్వాత బాల్కనీ. తర్వాత హాలంతా. తెలిసిన రాగమే కదా, పాపం మరిచిపోయినట్టుంది, మనం అందిద్దాం అన్నట్టు, ఎంతో ప్రేమగా అందరూ ఎత్తుకున్నారు. గుటక దగ్గరికి వచ్చారు. హాలంతా ఒక్కసారిగా గుటక వేసింది. ఆ చప్పుడు విన్నాక దీపాలక్క తెర అంచు పట్టుకుంది. ఇంతమంది గొంతుల్లో చెల్లెలి ఊపిరి తెగింది, ఒక్కరికీ ఊపిరి ఆడకపోవడం అంటే ఏమిటో తెలియదు. అన్ని గొంతుల్లోనూ ఆమె చెల్లెలి కోసం వెతికింది. అందరివీ ఆవిడ గొంతులే.

ఆమె తెర దాటి స్టేజి మీదికి వచ్చేసింది. రెండు చేతులూ చాచి, "ఆపండి" అంది. వాళ్లు ఆపలేదు. అది నాటకంలో భాగమనుకున్నారు. ఇంకా గట్టిగా తీశారు. కొందరు ఏడుస్తూ తీశారు. "ఆపండమ్మా, మీకు దణ్ణం పెడతా" అన్న ఆమె మాట ఆ హోరులో కలిసిపోయింది. తెర పడ్డాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అల్లుడుగారు పరుగెత్తుకొచ్చాడు. కోపంతో అనుకున్నారు అందరూ. కాదు. మొహం వెలిగిపోతోంది. "ఇదీ! ఇదీ ముగింపంటే! ఇన్నాళ్లూ మనకెందుకు తట్టలేదు?"

మరుసటి ఆట నుంచీ అదే పద్ధతి అయింది. ‘ప్రేక్షకులే పాడే ముగింపు’ అని పోస్టరు మీద కొత్తగా అచ్చు వేశారు. ఇప్పుడు ఆఖరి రంగంలో కొత్తమ్మాయి పాడనక్కరలేదు. ఖాళీ స్టేజి మీదికి వచ్చి రెండు చేతులూ చాచి నిలబడితే చాలు. దీపాలక్క ప్రాధేయపడ్డ తీరును కూడా వాళ్లు పాత్రకు కలిపేసుకున్నారు. దాన్ని ఆ పిల్లకు నేర్పినవాడు అల్లుడుగారు. నేర్చుకుంటూ ఆ పిల్ల ఏడ్చిందని, అది కూడా బాగుందని ఆయన అన్నాడని బాబాయ్ చెప్పాడు.

కొన్నాళ్లకు బాబాయ్, వయొలిన్ వాయించేవాడు, కొత్తమ్మాయి కలిసి సైకిల్ షాపు మీది గదులకు వచ్చారు. కంపెనీ చేయనిది తాము చేద్దామని వచ్చారు. దీపాలక్క ఇప్పుడు ఒక బట్టలకొట్లో పని చేస్తోంది. కిటికీలు మూసే ఉంచుకుంటోంది. వాళ్లను చూసి కుర్చీలు వెతికింది, లేవు, మంచం మీద కూర్చోబెట్టింది.

"కూర్చోడానికి రాలేదే. లే, గది మధ్యలో నిలబడు" అన్నాడు బాబాయ్.

నిలబడింది. ఎడమ కాలి మీద బరువు వేసింది. కళ్లు మూసుకుంది. ముగ్గురూ గోడకు ఆనుకుని చూస్తున్నారు. ఆమె పెదవులు విడివడ్డాయి. సరిగ్గా అప్పుడు కింద రోడ్డు మీద ఎవరో సైకిల్ ఆపి, టైరుకు గాలి కొట్టించుకుంటూ, ఊసుపోక ఆ రాగం తీశారు. దీపాలక్క కళ్లు తెరిచింది.

"ముందు ఆ కిందది ఆగాలి బాబాయ్. ఈ హోరులో నాకు మా చెల్లాయిది వినపడట్లేదు."

ఆమె అడిగింది అంతే. ఊరంతటినీ ఎలా ఆపుతాం అని బాబాయ్ తల పట్టుకున్నాడు. ఆ ఊరు మనమే కాబట్టి నేను అడుగుతున్నాను. ఈ రాగం మీ ఫోన్లో ఉంటే తీసేయండి. పిల్లల్ని నిద్రపుచ్చడానికి వేరేది పాడుకోండి. ఈ కంపెనీకి ఒక ఉత్తరం రాయండి, ఆ రాగం లాండ్రీలో ఇస్త్రీ చేసిన ఒక మనిషిదనీ, ఆమె అక్క తెచ్చి ఇచ్చిందనీ పోస్టరు మీద వేయమనండి. ఏ నాటకానికి వెళ్లినా, మీరు చప్పట్లు కొట్టిన మనిషికి తనది తనకు తిరిగిచ్చే ఏర్పాటు ఏముందని నిర్వాహకుల్ని నిలదీయండి. చప్పట్లు కొట్టేవాళ్లకు ఆ మాత్రం అధికారం ఉంది.

మీరంతా ఆ రాగం తీయడం మానేసినా, ఆ గొంతు ఆమెకు తిరిగి వస్తుందని మాట ఇవ్వలేను. కానీ ఆమె అడిగింది గొంతును కాదు, నిశ్శబ్దాన్ని. అది మన చేతిలో ఉంది.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం కూడా ఆట ఉంది. వెళ్లొద్దనను, వెళ్లండి. దీపం తిరుగుతుంది. వయొలిన్ ఆగుతుంది. ఆ పిల్ల వచ్చి మీ వైపు చేతులు చాస్తుంది. పక్కవాళ్లు అందుకోబోతే మోచేత్తో పొడిచి ఆపండి. మీరు మాత్రం పాడకండి.